పదకొండో ప్యాచ్

ఇద్రియాలో మూడో రోజూ వాన.
లోయ అడుగున ఊరు, గిన్నెలో మిగిలిన చారులా.
వంటింటి బల్లకు ఈ కొసన నా ల్యాప్‌టాప్,
ఆ కొసన మా అత్త పావ్లా, ఆమె లేసు దిండు,
దిండు మీద ఏడు జతల కర్ర కండెలు.
ఆమె వేళ్ల కింద టకటక.
నా వేళ్ల కిందా అదే,
కాకపోతే ఆమె చేతిలో ఏదో తయారవుతోంది.

నేను కట్టాల్సింది ఒక మూట.
ఎవరో ఎక్కడో రాసిన పనిముట్టు అది:
కొత్త మాట రాసినప్పుడల్లా పాత మాటను దాచిపెడుతుంది,
నడిమధ్య పెత్తందారంటూ లేకుండా
ఎవరి దగ్గర వాళ్లకు మొత్తం చరిత్రనీ ఉంచుతుంది.
దాన్ని మా లైనక్స్‌లో ఇమిడేట్టు
విప్పి, దులిపి, మడతపెట్టి,
దేనికి ఏది తోడు కావాలో చీటీ రాసి,
ఒక్క ఆదేశంతో ఎవరింటికైనా చేరేట్టు చెయ్యాలి.
మూట కట్టిందెవరని ఎవరూ అడగరు.
ముడి వదులైతే మాత్రం
అర్ధరాత్రయినా తలుచుకుంటారు.

నాకు ముందు తిలెన్ కట్టేవాడు.
మార్పుల పద్దులో మూడేళ్ల కిందటి అతని చివరి వాక్యం:
“చిన్న సవరణ. మిగతాది రేపు చూస్తా.”
ఆ రేపు వొయ్‌స్కో కొండెక్కి
తేనెటీగలు పెంచుకుంటోంది.

అతను వదిలిపోయిన ప్యాచ్‌లు పదకొండు.
పదింటిని తీసేశాను, అసలు రాసినవాళ్లే సర్దుకున్నారు గనక.
పదకొండోది నాలుగే వరుసలు.
ఎందుకుందో ఒక్క ముక్క రాయలేదు మహానుభావుడు.
ఫోన్ చేశాను. వెనకాల ఝుమ్మని రొద.
“అదా? తియ్యకు.”
“ఏం?”
“గుర్తు లేదు. తియ్యకు మాత్రం.”

తీశాను.

నా యంత్రం మీద పరీక్షలన్నీ నెగ్గాయి,
తొమ్మిది వందల పన్నెండుకి తొమ్మిది వందల పన్నెండు.
మూట సర్వర్‌కి పంపి
కాఫీ పొయ్యి మీద పెట్టాను.
అది పొంగేలోపు ఎర్ర వరుస వచ్చింది.

అక్కడ ప్రతి మూటకీ కొత్తగా ఒక గది కడతారు,
పనయ్యాక కూల్చేస్తారు.
కిటికీ ఉండదు. బయటి లోకానికి తీగ ఉండదు.
లోపల పనిచేసేవాడికి
ఇల్లు లేదు, ఇంటిపేరు లేదు, అసలు పేరే లేదు.
పరీక్షలో మా పనిముట్టు
మొదటి మార్పును చరిత్రకెక్కించబోయి,
ఆగి, అడిగింది:
నువ్వెవరు?
గది పలకలేదు.
ఎవరూ కానివాడి పని నేను రాయనంది,
అక్కడికక్కడే కూలబడింది.

అప్పుడు చదివాను ఆ నాలుగు వరుసల్నీ,
ఒళ్లు దగ్గర పెట్టుకుని.
గదిలోని అనామకుడికి తిలెన్ ఒక పేరు పెట్టాడు.
తన పేరు కాదు.
నేజా.
చిరునామా దగ్గర: కొట్టం.

మళ్లీ ఫోన్.
“నేజా ఎవరు?”
కాసేపు తేనెటీగలే మాట్లాడాయి.
“మా మేక. ఆ రాత్రే ఈనింది.
చేతులు కడుక్కొచ్చి కూచుంటే పేరు చెప్పమంది యంత్రం.
నాకు ఇంకే పేరూ తోచలేదు.”
“మరి రాయొచ్చుగా, ఎందుకు పెట్టావో?”
“రేపు రాద్దామనుకున్నా.”

మేకను తిరిగి గదిలో పెట్టాను.
పైన రెండు వరుసలు రాశాను, రాబోయే మూర్ఖుడి కోసం:
లోపల ఎవరూ ఉండరు, అందుకని ఈ పేరు.
దయచేసి తియ్యకండి.
మనుషుల పేరొకటి పెడదామా అని ఓ క్షణం అనుకున్నాను గానీ,
మూడేళ్లుగా తప్పులేకుండా పనిచేసిన దాన్ని
ఏ తప్పు చూపి మాన్పించను?

బల్లకు ఆ కొసన పావ్లా నాలుక చప్పరించింది.
నిన్నటి వరుసలో ఒక దారం కింద నుంచి పోవాల్సింది
పైనుంచి పోయిందట.
గుండుసూదులు పీకుతూ ఒక్కొక్క ముడీ వెనక్కి విప్పుతోంది.
“నీ దగ్గర పాతదంతా దాచే పెట్టె ఉందిగా,” అంది,
“నాకిస్తే ఏం పోయింది?”
నవ్వాననే అనుకుంటా.

ఆకుపచ్చ వరుసలు ఒక్కొక్కటే వస్తున్నాయి.
అంకెల్ని మనకు తిరగేసి పేర్చుకునే
ఆ పాతకాలపు పెద్ద యంత్రం ఒక్కటే మిగిలింది,
నిదానంగా, నలభయ్యో పరీక్ష దగ్గర.
పద్దులో “మిగతాది” అని మొదలుపెట్టి
చెరిపేశాను.
కాఫీ చల్లారింది. తాగేశాను.
నలభై ఒకటి.